అయిదింటి మసక

బట్టల మిల్లులో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన పని ఒక్కటే, చూడటం. వెనక దీపాలు వెలిగే ఏటవాలు గాజుబల్ల మీదుగా నేసిన గుడ్డ జారిపోతూ ఉంటే, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ పేక వదులైందో, ఎక్కడ నూనెచుక్క పడిందో కనిపెట్టి సుద్దముక్కతో గుర్తు పెట్టేది. తుమ్మొచ్చినా రెప్ప వాల్చదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. డేగమ్మ అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. పని మానే రోజున మిల్లువాళ్ళు ప్రేమగా ఇచ్చిన దుప్పటిలో సైతం అంచున జారిన పోగొకటి చూపించి, మార్చి ఇమ్మని అడిగి తీసుకున్న మనిషి.

అలాంటి మనిషితో సోమవారం సాయంత్రం, ఇంటర్నెట్ కంపెనీ ఫోనులోంచి ఒక తియ్యని గొంతు, "మా వైపు అంతా బాగానే ఉందండీ. మీరొకసారి కళ్ళు చూపించుకోండి" అంది.

డేగమ్మ ఫోను బల్ల మీద పెట్టి, అది ఇంకా ఏమైనా అంటుందేమో అన్నట్టు దానివైపే చూస్తూ నిలబడింది. బల్లకు అవతల ఆమె భర్త తాళంచెవి ఒకటి ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఆయన తాళాల పనివాడు. పగలంతా వీధి చివరి బడ్డీలో కూర్చుని, తెమలని పని ఇంటికి తెచ్చుకుంటాడు. పెళ్ళాం ముఖం చూసి ఆకురాయి ఆపేశాడు గానీ, ఏమైందని మాత్రం అడగలేదు. అడిగితే ఎటు తేలుతుందో ఆయనకు తెలుసు. ఒకవైపు భార్య, ఒకవైపు సొంత చెల్లెలు. ఏడాదిగా ఆయన బతుకు అడకత్తెరలో పోకచెక్క.

సంగతేమిటంటే, కారు పందెం. నిజం కారు కాదు, టీవీలో ఆట. ఆయన చెల్లెలు నాలుగు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో ఇంకో ఊళ్ళో ఉంటుంది. ఆమె కూతురు పోయిన ఏడాది రెండిళ్ళలోనూ ఈ ఆట పెట్టించి వెళ్ళింది. ఆడించే డబ్బా అంటూ ఇంట్లో ఏమీ ఉండదు. ఎక్కడో దూరాన పెద్ద గదుల్లో పెద్ద యంత్రాలు ఆటను నడుపుతాయి. అక్కడ తయారైన బొమ్మ ఇంటర్నెట్ తీగ వెంట పరిగెత్తుకొచ్చి మన టీవీలో పడుతుంది. మన చేతిలోని కంట్రోలర్ నొక్కితే ఆ నొక్కుడు మళ్ళీ అంత దూరమూ వెళ్ళి కారును తిప్పుతుంది. ఈ రాకపోకలన్నీ రెప్పపాటులో జరిగిపోవాలి. దీన్ని క్లౌడ్ గేమింగ్ అంటారని మేనకోడలు చెబితే, మబ్బులో ఆట అన్నమాట అని డేగమ్మ భర్త అర్థం చెప్పాడు.

రోజూ అయిదింటికి వదినా ఆడపడుచులిద్దరూ రెండు ఊళ్ళలో రెండు టీవీల ముందు కూర్చుంటారు. కొండదారి, అయిదు మలుపులు, మూడు చుట్లు. ఆడపడుచుది ఎర్రకారు, డేగమ్మది నీలంకారు. పక్కన ఫోను స్పీకరులో పెట్టుకుని ఒకరినొకరు దెప్పుకుంటూ నడుపుతారు. పెళ్ళయిన కొత్తలో ఎదురెదురుగా అనుకోలేక మింగిన మాటలన్నీ ఆ కొండదారి మీదే కక్కేసి, పందెం అయ్యాక కడుపు తేలికై లేస్తారు. డేగమ్మకు ఈ అరవై మూడేళ్ళ వయసులో సాయంత్రం అయిదు గంటలు అంటే ఎదురుచూసే వేళ.

అయితే మూడు వారాలుగా ఆమె ఓడిపోతోంది. నాలుగో మలుపు దగ్గర కారు వేగం అందుకునేసరికి బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. చెట్లు పచ్చటి ముద్దలవుతాయి, రోడ్డుకూ లోయకూ మధ్య గీత చెరిగిపోతుంది, ఒక్క క్షణం అంతా బిగుసుకుపోతుంది. మళ్ళీ కదిలేసరికి నీలంకారు లోయలో ఉంటుంది. ఈ మాట చెబితే ఆడపడుచు నవ్వి, ఆడలేక మద్దెల ఓడు అనకు వదినా అంది. ఆడపడుచు అన్నాక ఆ మాత్రం అంటుంది. కానీ ముక్కూముఖం తెలియని వాళ్ళెవరో కళ్ళు చూపించుకోమంటే ఎలా ఊరుకుంటుంది? డేగమ్మ మళ్ళీ ఫోను తీసి, మనిషిని పంపితే గానీ పెట్టేది లేదని కూర్చుంది.

మంగళవారం పదకొండు గంటలకు లైను అమ్మాయి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. నడుముకు పనిముట్ల సంచీ, భుజాన మడత నిచ్చెన, కుడి మోచేతి దగ్గర చొక్కా చిరిగి ఉంది. వచ్చీ రాగానే గోడనున్న పెట్టె విప్పి, సన్నటి తీగ కొస లాగి, తడిబట్టలాంటి చిన్న కాగితంతో తుడిచి, అరచేతిలో పట్టే మీటరుకు తగిలించింది. అంకె చూసింది. తీగ మళ్ళీ బిగించి ఫోనులో వేగం కొలిచింది. వందకు వంద వస్తోందని ఫోను తిప్పి చూపించింది. ఆట పెట్టి చూస్తే బొమ్మ అద్దంలా ఉంది.

పదకొండింటికి బాగానే ఉంటుంది, అయిదింటికి వచ్చి చూడమంది డేగమ్మ. తనకు రోజుకు పన్నెండు ఇళ్ళు ఇస్తారనీ, ఏ వేళకు ఏ ఇల్లో ఆఫీసువాళ్ళే రాసి పంపుతారనీ ఆ అమ్మాయి చెప్పింది. చెబుతూనే కంట్రోలర్ అందుకుని ఏవో మూడు మీటలు నొక్కింది. టీవీ మీద ఎవరో నూనెకాగితం పరిచినట్టయింది. ఆకుల అంచులు పోయాయి, కొండ మీది గడ్డి బురదలా మారింది.

"బొమ్మ నాణ్యత తగ్గించానండీ. తీగ మీద బరువు తగ్గుతుంది, ఇంక ఆగదు. ఫోను చేసినవాళ్ళలో చాలామందికి ఇలాగే పెట్టిస్తారు."

డేగమ్మ ఆ బొమ్మను తలవంచి ఒకసారి, తలెత్తి ఒకసారి చూసింది. మిల్లులో గుడ్డను వెలుతురుకు అటూ ఇటూ తిప్పే అలవాటు అది.

"మా మిల్లులో ఒకాయన ఉండేవాడమ్మా. గుడ్డలో చిల్లులు కనిపిస్తే ఆ గుడ్డకు ముదురు రంగు వేయించేవాడు. చిల్లు పోయేది కాదు, కనపడటం మానేసేది. ముందెలా ఉందో అలాగే పెట్టెయ్."

లైను అమ్మాయికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ముందులా పెట్టింది. పని అయినట్టు ఫోను మీద సంతకం చెయ్యమంటే డేగమ్మ చెయ్యనంది. ఒకే ఇంటినుంచి మూడోసారి ఫిర్యాదు వెళితే ఆ మచ్చ తన పేరు మీద పడుతుందని ఆ అమ్మాయి నసిగింది. అప్పుడు డేగమ్మ చూపు ఆ మోచేతి దగ్గర ఆగింది. చొక్కా ఇలా ఇయ్యమంది. లోపల బనీను ఉందిగా, అయిదు నిమిషాల పనంటూ, వద్దంటున్నా వినకుండా తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చొక్కా లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, సూదిలో ఎక్కించి, చిరిగినచోట ఒక పోగు పైకి, ఒక పోగు కిందికి అల్లుకుంటూ పోయింది. అల్లుతూ మాట్లాడింది. గుడ్డలో ఒకచోట లోపం ఉంటే నేతగాడు కునికాడనుకోవాలి. ప్రతి పన్నెండు గజాలకూ అదే లోపం వస్తూ ఉంటే మాత్రం నేతగాడిని తిట్టకూడదు, రోలరు విప్పి చూడాలి. వేళ తప్పకుండా వచ్చే తప్పు మనిషిది కాదు, యంత్రానిదే.

చొక్కా చేతికొచ్చాక చిరుగు ఎక్కడుందో లైను అమ్మాయి వెతుక్కోవలసి వచ్చింది. దాన్ని వేలితో తడుముతూ, మసక ఎప్పుడు మొదలవుతోందో, ఎంతసేపు ఉంటోందో రాసిపెడితే తను ఆఫీసులో చూపిస్తానంది. డేగమ్మ లేచి టీవీ వెనకనుంచి నోటు పుస్తకం తెచ్చింది. ఇరవై ఒక్క రోజులు, ఇరవై ఒక్క వరసలు. నాలుగూ యాభైకి మొదలు, ఆరుంబావుకు సరి. ఏ చుట్టులో ఎన్ని క్షణాలు ఆగిందో కూడా ఉంది. రెండు వరసలు మాత్రం ఖాళీ.

ఆ రెండు రోజులూ ఆడలేదా అని అడిగింది ఆ అమ్మాయి.

"ఆడాను. గెలిచాను కూడా. అవి రెండూ వాన రోజులు. ఆరేసిన బట్టలు తీసుకొచ్చి ఆటకు కూర్చోవడం గుర్తుంది."

వానకు లైన్లు పాడవడమే తప్ప బాగుపడటం తనెప్పుడూ వినలేదని ఆ అమ్మాయి అంది. అయినా ఆ పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుని, నిచ్చెన భుజాన వేసుకుని, ఏదో ఆలోచిస్తూ మెట్లు దిగిపోయింది.

బుధవారం డేగమ్మ ఆట మానేసింది. నాలుగు దాటగానే గొడుగు చేతబట్టి వీధిలోకి దిగి, తమ కిటికీలోంచి బయటికి వచ్చే నల్ల తీగను చూపుతోనే పట్టుకుంది. అది గోడ వెంట సాగి, పక్కింటి పంచ కిందుగా దూరి, ఇంకో నాలుగు తీగలతో కలిసి, వీధి మూలన మంగలి కొట్టు పక్కగోడ మీది బూడిదరంగు పెట్టెలోకి వెళ్ళింది. ఆ గోడ పడమటివైపు గోడ. డేగమ్మ ఎదురుగా అరుగు మీద కూర్చుంది. నాలుగున్నరకు ఎండ పెట్టె అంచు తాకింది. అయిదింటికి పెట్టెంతా ఎండలో ఉంది. లేచి వెళ్ళి అరచెయ్యి ఆనిస్తే ఇస్త్రీపెట్టెలా చురుక్కుమంది. ఆరు దాటాక ఎదుటి మేడ నీడ పడింది.

ఆమె అక్కడ ఎందుకు కాపలా కాస్తోందో తెలుసుకుందామని మంగలి బయటికొచ్చాడు. విషయం విని, సాయంత్రాలు తన కొట్టులో టీవీ కూడా అలాగే కొట్టుకుంటుందన్నాడు. ఫోను చేస్తే, మీ టీవీ పాతది, కొత్తది కొనుక్కోమన్నారట. గడ్డం గీయించుకుంటున్న దర్జీ, నురగ ముఖంతోనే కుర్చీ తిప్పి, తనకైతే మీ ఇంటి గోడలు మందమని చెప్పారన్నాడు. పైఅంతస్తులో ఉండే పంతులమ్మకు, మీ ఇంట్లో అందరూ ఒకేసారి వాడేస్తున్నారని చెప్పారట. ఆమె ఒక్కతే ఉంటుంది. వీధి మొత్తానికి ఒకే జబ్బు. ఇంటికో పేరు పెట్టి, ఎవరి తప్పు వారి నెత్తిన వేసి పంపారు. ఒక్కొక్కరూ తమ ఇంట్లోనే ఏదో లోపం ఉందనుకుని నోరు మూసుకున్నారు.

గురువారం డేగమ్మ ఉత్సాహంగా ఫోను చేసి, ఆ లైను అమ్మాయినే పంపమంది. తియ్యని గొంతు వెతికి చూసి, ఆ ఫిర్యాదు పరిష్కారమైపోయినట్టు ఉందండీ అంది. ఎవరు పరిష్కరించారు అని అడిగితే, మొన్న వచ్చిన మనిషే అయ్యుంటుందంది. డేగమ్మకు ఫోను పెట్టేశాక మనసు చివుక్కుమంది. అల్లి ఇచ్చిన చొక్కా వేసుకుని వెళ్ళి ఇంత పని చేసిందా అనుకుంది. భర్తకు చెబితే, ఉద్యోగం కదా, ఏం చేస్తుంది పాపం అన్నాడు. ఆ జాలి ఆమెకు ఇంకా కష్టంగా తోచింది.

సాయంత్రం నాలుగున్నరకు మంగలి మనిషిని పంపాడు. పెట్టె దగ్గరికి ఎవరో వచ్చారట. డేగమ్మ వెళ్ళేసరికి మూలన నిచ్చెన వేసి ఉంది, దానిమీద లైను అమ్మాయి. ఫిర్యాదు తను మూయలేదనీ, ఒక రోజు దాటితే ఆఫీసులో దానంతటదే మూసుకుపోతుందనీ, పన్నెండో ఇల్లు త్వరగా తెమిలితే ఇటు వచ్చేశాననీ పైనుంచే చెప్పింది. పుస్తకంలో ఆ రెండు వాన రోజులే నిన్నంతా బుర్రలో తిరిగాయట. వాన రోజున లేనిదేమిటి అనుకుంటే ఎండ ఒక్కటే కనపడిందట. డేగమ్మ తను చూసింది చెప్పింది. ఇద్దరూ ఒక్క క్షణం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డేగమ్మ పొద్దున్న అనుకున్న మాటను లోలోపలే వెనక్కి తీసుకుంది.

పెట్టె తలుపు ఒక బందు ఊడి వేలాడుతోంది. దాన్ని ఎవరో ఎప్పుడో తోసి మూసేశారు. లోపల వెంట్రుకంత తీగ ఒకటి తలుపు అంచుకూ గోడకూ మధ్య మెలిపడి ఉంది. వెలుతురు ప్రయాణించే గాజుతీగ అది. లైను అమ్మాయి మీటరు తగిలించి అంకె చదివింది. ఎండ ఎక్కేకొద్దీ రేకు వేడెక్కి, వ్యాకోచించి, తీగను నొక్కుతోంది. అంకె మెల్లగా పడిపోతోంది.

"ఇది ఎండవల్లేనని ఆఫీసులో ఎలా చెప్పేది? ఎవరూ నమ్మరు" అందా అమ్మాయి.

డేగమ్మ గొడుగు విప్పింది. మంగలి కొట్టులోంచి స్టూలు తెప్పించి, దానిమీద ఎక్కి, పెట్టెకు గొడుగు పట్టింది. మంగలి, దర్జీ, కొట్టులో ఉన్న మరో ఇద్దరూ గోడ పక్కన చేరి మీటరు వంక మెడలు చాచారు. అయిదు నిమిషాలకు అంకె పైకి పాకింది. గొడుగు తియ్యమంది లైను అమ్మాయి. అంకె దిగింది. మళ్ళీ పట్టమంది. మళ్ళీ ఎక్కింది. అంతా ఫోనులో వీడియో తీశారు. పెట్టెకు వడదెబ్బ తగిలిందన్నాడు దర్జీ.

తర్వాత పని అరగంట పట్టింది. ఆ అమ్మాయి మెలిపడ్డ ముక్క కత్తిరించి పారేసి, రెండు కొసలూ తోలు ఒలిచి, తుడిచి, డబ్బాలాంటి యంత్రంలో ఎదురెదురుగా పెట్టి మూత వేసింది. చిన్న తెరమీద రెండు కొసలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ దగ్గరై, చిటుక్కుమని ఒక మెరుపు మెరిసి, ఒక్కటైపోయాయి. అతుకు కనపడుతుందేమోనని డేగమ్మ కళ్ళు చిట్లించి చూసింది. కనపడలేదు. బాగా అల్లావమ్మా అంది. ఈలోపు భర్త బడ్డీ మూసి వచ్చి, ఊడిన బందు స్థానంలో కొత్తది బిగించి, తలుపు తీగకు తగలకుండా ఒక అడ్డుముక్క పెట్టి, మూడుసార్లు వేసి తీసి చూశాడు. ఏడాదిగా ఈ వ్యవహారంలో ఆయన నోరు విప్పకుండా చేసిన సాయం అదొక్కటే.

చివర్లో లైను అమ్మాయి నిచ్చెన మెట్టు మీద కూర్చుని ఫోనులో కారణం నింపబోయింది. కారణాలు ముందే అచ్చేసి ఉన్నాయి: వాడుకదారు టీవీ లోపం, వాడుకదారు ఇంటి తీగల లోపం, వాడుకదారుకు అవగాహన లేకపోవడం. కంపెనీ లోపం అన్న వరస లేదు. ఆమె అడుగున ఇతరములు అన్నచోటికి వెళ్ళి, రెండుసార్లు రాసి చెరిపి, చివరికి పైకి చదువుతూ రాసింది.

"తప్పు మనదే. వీధి పెట్టె. పదిహేడు ఇళ్ళకు క్షమాపణ చెప్పాలి."

పంపించేశాక ఆ అమ్మాయి ముఖం ఒక్కసారిగా తెల్లబోయింది. కాసేపటికి దానంతటదే నవ్వు వచ్చింది. ఏమంటారో చూద్దాం అంది.

శుక్రవారం అయిదింటికి డేగమ్మ కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటే, బొమ్మ చూసి ఆట మరిచిపోయేలా ఉంది. గడ్డిపరకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నాలుగో మలుపు దగ్గర లోయ అంచున పసుపు బోర్డు ఒకటి ఉంది. దానిమీద, నెమ్మదిగా పోతే ఇంటికి పోతావు, అని రాసి ఉంది. ఏడాదినుంచీ ఆ దారిలో తిరుగుతున్నా వేగంలో అది చదవడం అదే మొదలు. మూడో చుట్టులో నీలంకారు ఎర్రకారును కారెడు దూరంలో దాటేసింది. ఫోనులో ఆడపడుచు మెచ్చుకుంది. మద్దెల బాగుచేయించుకున్నావన్నమాట అంది.

గెలిచిన ఊపులో డేగమ్మ ఆ బోర్డు మీది మాట చెప్పి నవ్వింది. అటునుంచి నవ్వు రాలేదు.

"ఏ బోర్డు వదినా?"

"నాలుగో మలుపులో. పసుపుపచ్చది."

"ఆ, అదా. ఏదో పచ్చగా పోతుంటుంది చూడు, అది."

డేగమ్మ చేతిలో కంట్రోలర్ పక్కన పెట్టింది. గుడ్డలో ఎక్కడో పోగు వదులైనప్పుడు ముందు కంటికి కాదు, వీపు మీద తెలిసేది ఆమెకు. మామూలుగా అడుగుతున్నట్టే, బయలుదేరే చోట ఇంటికి ఎన్ని కిటికీలుంటాయి అని అడిగింది. ఆడపడుచు మాట మార్చింది. మరి మలుపు ఎలా తిప్పుతున్నావే పిల్లా అని డేగమ్మ అడిగింది. అరవై వచ్చినా వదినకు ఆడపడుచు పిల్లే. ఆడపడుచు ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో, చెవికి రిసీవరు పెట్టుకునే చేసింది. చెవితోనే తిప్పుతానని చెప్పింది. ఇంజను మోత మూడోసారి మారాక నాలుగు అంకెలు లెక్కపెట్టి ఎడమకు తిప్పితే సరిపోతుందట. మూడు వారాలు తనను ఓడించింది చూడకుండా ఆడిన మనిషని డేగమ్మకు అప్పుడు తెలిసింది.

ఆడపడుచు గొంతు తగ్గించింది.

"అన్నయ్యకు చెప్పకు వదినా. నాకు చూపు పోతోంది. ఎనిమిది నెలలైంది."

మొదట ఆట ఆగి ఆగి వస్తుంటే అదే ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేసిందట. అటునుంచి ఏవో మీటలు నొక్కమంటే నొక్కింది. ఆగడం పోయింది, మసక మొదలైంది. రెండోసారి ఫోను చేస్తే, మా వైపు బాగానే ఉంది, కళ్ళు చూపించుకోండి అన్నారు. సూదిలో దారం ఒక పట్టాన ఎక్కకపోవడం కూడా అప్పుడే మొదలవడంతో ఆ మాట నమ్మింది. చూపించుకుంటే అది నిజమని తేలుతుందన్న భయంతో చూపించుకోలేదు. కూతురికి చెప్పలేదు. అప్పటినుంచీ కుట్టుపని తియ్యడం లేదు, స్కూటరు ఎక్కడం లేదు. బజారుకు గోడ పక్కగా నడిచి వెళుతోంది. ఇవన్నీ ఎవరి గురించో చెబుతున్నట్టు తేలిగ్గా చెప్పింది.

తనతో అన్న మాటే. అదే వాక్యం. తను కోపంతో ఇల్లు ఎక్కి కేకలు పెట్టింది, ఈ పిల్ల నమ్మి తలవంచుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు వేల గజాల గుడ్డలో సన్నటి పోగులు పట్టుకున్న తను, రోజూ గంటసేపు మాట్లాడే మనిషిలో ఇంత తెగిన పోగును చూడలేదు. డేగమ్మ, రేపొస్తున్నాను అంది. ఎందుకని అడిగితే, గెలిచాను కదా, ఎదురుగా కూర్చుని వెక్కిరించాలి అంది.

శనివారం పొద్దున్న బస్సెక్కింది. మధ్యాహ్నానికి ఆడపడుచు ఇంట్లో చెప్పులు విప్పకుండానే టీవీ పెట్టమంది. తెర వెలిగింది. నూనెకాగితం పరిచినట్టున్న కొండ, బురదలాంటి గడ్డి. డేగమ్మ కంట్రోలర్ అందుకుని, మంగళవారం లైను అమ్మాయి నొక్కిన మీటలు గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కటే లోపలికి వెళ్ళింది. బొమ్మ నాణ్యత దగ్గర, అన్నిటికన్నా కిందిది అని ఉంది. పైదానికి జరిపింది.

ఆడపడుచు సోఫా అంచున కూర్చుని ఉంది. లేచి నిలబడింది. టీవీ దగ్గరికి నడిచి, అంతలోనే వెనక్కి వచ్చి, మళ్ళీ దగ్గరికి వెళ్ళింది. కిటికీలు లెక్కపెట్టింది. ఆరు. ఒకదాని మీద పిల్లి కూర్చుని ఉందంది. పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు ఆ పిల్లినే చూసింది. డేగమ్మ వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా టీ పెట్టింది.

టీవీ మాట నమ్మి కూర్చోకూడదని సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి బలవంతాన తీసుకెళ్ళింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, అక్షరాలు చదివించి, దగ్గర చూపు అద్దాలు కొంచెం మార్చాలి, అంతకుమించి మీ వయసుకు ఈ కళ్ళు బంగారం అంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగింది. ఆడపడుచు వదిన వంక చూసింది. తీరిక లేదండీ, రోజూ కారు నడుపుతుంది అంది వదిన.

ఆ సాయంత్రమే లైను అమ్మాయి ఫోను చేసింది. ఆఫీసులో పిలిచి చీవాట్లు పెట్టారట. కానీ ఆ గొడుగు వీడియో ఒకరి చేతినుంచి ఒకరి చేతికి వెళ్ళి, పడమటి గోడల మీదున్న పెట్టెలన్నీ చూసి రమ్మని పెద్దవాళ్ళు కాగితం పంపారట. ఆ పని తనకే అంటగట్టారంది. గొంతులో గర్వం దాచినా దాగలేదు. నూట నలభై పెట్టెలు, గొడుగు మాత్రం సొంతం అని నవ్వింది. డేగమ్మ ఆడపడుచు సంగతి చెప్పి, ఫోనులో ఇలా మసక పెట్టించుకున్నవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో వెతకమంది. ఆ అమ్మాయి నెమ్మదిగా, నేనే చాలామందికి పెట్టానండీ, వాళ్ళ నంబర్లు నా దగ్గరున్నాయి, సోమవారంనుంచి ఒక్కొక్కరికీ చేస్తాను అంది.

ఆదివారం ఉదయం బస్సుకు వేళయింది. ఆడపడుచు పెరట్లోకి వెళ్ళి, దుమ్ముపట్టిన గుడ్డ లాగి, స్కూటరు బయటికి తీసింది. టైర్లలో గాలి కొట్టించి తెచ్చింది. ఆటోలో పోతానని వదిన ఎంత చెప్పినా వినలేదు. డేగమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని, వెనక కూర్చుని, ఆడపడుచు నడుము రెండు చేతులా పట్టుకుంది. స్కూటరు సందు దాటి పెద్దరోడ్డెక్కింది. ఎండ బాగా కాస్తోంది, కొట్లు అప్పుడే తలుపులు తీస్తున్నాయి. ఆడపడుచు మెడ తిప్పి, మందుల కొట్టు పేరు గట్టిగా చదివింది. తర్వాత చెప్పుల కొట్టు పేరు. తర్వాత మేడమీద ఎక్కడో పళ్ళ డాక్టరు బోర్డు, దాని కింద చిన్న అక్షరాల్లో రాసిన వేళలతో సహా. ఎదురుగా వచ్చిన లారీ నంబరు చదివింది, దాని వెనక రాసిందేమిటో చూద్దామని అది పోయేదాకా తిరిగి చూసింది.

"బోర్డులన్నీ నేను చదువుతాలే తల్లీ" అంది డేగమ్మ, పట్టు బిగిస్తూ. "నువ్వు రోడ్డు చూడు."